ఈ ఏడాది అంటే ఏ ఏడాది?

సూరత్‌లో స్థిరపడిన తెలుగింట్లో "ఈ ఏడాది మనకెంత మిగిలింది?" అన్న ప్రశ్నకు కనీసం మూడు జవాబులుంటాయి. ఇంట్లో పెద్దావిడ అడిగితే ఉగాది నుంచి లెక్క చెప్పాలి. ఆడిటర్ అడిగితే ఏప్రిల్ 1 నుంచి. రింగ్ రోడ్డు మార్కెట్‌లో సేటు అడిగితే మాత్రం దీపావళి మర్నాటి నుంచి. గుజరాతీ వ్యాపారికి కొత్త సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది, కొత్త ఖాతా పుస్తకాలకు పూజ దీపావళినాడే జరిగిపోతుంది. ముగ్గురికీ మూడు అంకెలు చెప్పినా గొడవ రాదు. అడిగిన మనిషి ముఖం చూడగానే ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలో మనకు తెలిసిపోతుంది.

కంప్యూటర్‌కు ఆ ముఖం కనిపించదు. "ఈ ఏడాది" అంటే చాలాసార్లు అది జనవరి 1 నుంచి లెక్క వేసి, పైసలతో సహా ఒక అంకె చేతిలో పెడుతుంది. పై ముగ్గురిలో ఒక్కరికీ పనికిరాని ఏడాది అది. అంకె మాత్రం ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది.

మొన్నమొన్నటిదాకా మన దుకాణం లెక్కల్లోంచి ఒక జవాబు కావాలంటే రెండే దారులుండేవి. ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష నేర్చుకోవాలి, లేదంటే అది తెలిసిన కుర్రాడు ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. ఇప్పుడు మామూలు మాటల్లో, తెలుగులో కూడా, అడిగితే చాలు. లోపల జరిగేది ఇదీ: మీ పట్టికల పేర్లు, వాటిలోని నిలువు వరుసల పేర్లు ముందుంచుకుని, భాషా నమూనా (లాంగ్వేజ్ మోడల్) మీ వాక్యాన్ని ఎస్‌క్యూఎల్‌లోకి రాస్తుంది. ఆ రాసినదాన్ని డేటాబేస్ నడిపి అంకె ఇస్తుంది. ఈ రెండో పనిలో పొరపాటు జరగదు, కూడికలు డేటాబేస్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఏం కూడాలో తేల్చుకునే మొదటి పని మాత్రం ఊహ మీద నడుస్తుంది. ఆ ఊహకు ఎంత తక్కువ చోటిస్తే అంత మంచిది. అడగడం ఇప్పుడు నేర్చుకోవలసిన విద్య అని నేననేది అందుకే.

ఈ విద్య అవసరం సూరత్ తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, డిండోలీ వైపు తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. సాంచాల (మరమగ్గాల) మీద కూలికి చేరినవాళ్లలో కొందరు సొంత సాంచాలు పెట్టుకున్నారు. లెక్కలు కూడా పెరిగాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ బట్టల వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూసి సమ్మె చేశారు. అప్పటిదాకా చాలావరకు పన్ను బెడద లేని బట్టకు బిల్లు, చలాన్, రిటర్ను అన్నీ వచ్చిపడ్డాయి మరి. ఆ తలనొప్పి వల్ల ఒక మేలు జరిగింది: పది సాంచాలున్న ఆసామి దగ్గర కూడా ఇవాళ ఏళ్ల తరబడి లెక్క కంప్యూటర్‌లో ఉంది. దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

అడగడం ఎందుకు కష్టమో చూడాలంటే ఒక చిన్న మాటామంతీ చాలు.

"అల్లుడా, గా పార్టీ పైసలు పంపిండా?"

"సగం పంపిండు మామా. మిగిలినయి పండుగ దాటినంక అన్నడు."

మామకు అంతా అర్థమైపోయింది. "గా పార్టీ" ఎవరో తెలుసు, పొద్దున్నుంచి ఆ పేరే నలుగుతోంది. "సగం" అంటే ఏ బిల్లులో సగమో తెలుసు. పండుగ దసరానో దీపావళో తెలుసు. ఇదే మాటను ఫోన్‌లో టైపు చేసి డేటాబేస్‌ను అడిగితే ఈ మూడూ దానికి తెలియవు. తెలియవని చెప్పదు కూడా. ఏదో ఒకటి అనేసుకుని ముందుకు పోతుంది.

ఈ చిక్కు కొత్తదేం కాదు. 1961లోనే అమెరికాలో బేస్‌బాల్ అనే ప్రోగ్రాం ఒక సీజన్ ఆటల వివరాల మీద ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చింది. 1971లో విలియం వుడ్స్ బృందం చేసిన లూనార్, అపోలో యాత్రికులు తెచ్చిన చంద్రశిలల రసాయన వివరాల మీద భూగర్భ శాస్త్రవేత్తల ప్రశ్నలను అందుకుంది. 1974 దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఆ ఏడాది ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాల నుంచి రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి చాంబర్లిన్, బాయ్స్ రాసిన సీక్వెల్, ఇవాళ్టి ఎస్‌క్యూఎల్‌కు తాత. కంప్యూటర్ నిపుణులు కానివాళ్లు, అకౌంటెంట్లతో సహా, దాన్ని నేర్చుకుంటారని వాళ్లు ఆశపడ్డారు. యాభై ఏళ్లు గడిచాయి, ఉధ్నాలో నాకు తెలిసిన అకౌంటెంట్లెవరూ నేర్చుకోలేదు. రెండోది, డేటాబేస్‌లను పట్టికలుగా చూడాలని 1970లో చెప్పిన ఎడ్గర్ కాడ్ ఆలోచన. మామూలు మనిషి మామూలు మాటల్లోనే అడుగుతాడు, యంత్రం తనకు అర్థం కానిది తిరిగి అడగాలి, చివరికి "మీరడిగింది ఇదేనా?" అని తన మాటల్లో చెప్పి సరే అనిపించుకున్నాకే జవాబివ్వాలి అన్నాడాయన. ఆ పద్ధతికి రాందెవూ అని పేరు పెట్టాడు. మొదటి ఆలోచన ప్రపంచాన్ని ఏలింది, రెండోది ప్రయోగశాల దాటి రాలేదు. నన్నడిగితే ఇవాళ మనకు అక్కరకొచ్చేది ఆ రెండోదే.

తెలుగులోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. 2006లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి నందిరెడ్డి రామిరెడ్డి, శివాజీ బంద్యోపాధ్యాయ కలిసి రైళ్ల సమాచారం మీద తెలుగులో అడిగితే తెలుగులో జవాబిచ్చే వ్యవస్థను వివరించారు. తెలుగు ప్రశ్నను డేటాబేస్ భాషలోకి మార్చడంతో పాటు, ప్రశ్న సగమే అర్థమైతే ఎదురు ప్రశ్న వేసే భాగం దానికి గుండెకాయ. వాళ్ల పరీక్షల్లో జవాబుల కచ్చితత్వం 96.34 శాతం, సంభాషణ నెగ్గుకొచ్చింది 83.96 శాతం. లెక్క కంటే మాట కుదరడమే కష్టమని ఆ రెండు అంకెల మధ్య తేడాలో నాకు కనిపిస్తుంది. 2012లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రాజీవ్ సంగల్ బృందం పాణిని కారకాలను ఆధారం చేసుకుని ఇలాంటి పనికే పూనుకుంది. ఎవరు, ఎవరికి, ఏమిటి అన్న సంబంధాలను ముందు పట్టుకుంటే ప్రశ్న దారిలో పడుతుందని వాళ్ల ఆలోచన.

ఎవరు ఎవరికి అన్నది పండితుల గొడవ అనుకోకండి. సూరత్‌లో ఒకే సేటు మీకు నూలు అమ్ముతాడు, మీ దగ్గర గ్రే బట్ట (రంగు వేయని బట్ట) కొంటాడు. "ఆ పార్టీ బాకీ ఎంత?" అని అడిగితే, అతను మీకివ్వాల్సిందా, మీరు అతనికివ్వాల్సిందా? రెండూ మీ లెక్కల్లోనే ఉన్నాయి, రెండు వేర్వేరు పట్టికల్లో. "అతను మనకు ఇవ్వాల్సింది" అని రెండు మాటలు ఎక్కువ పెట్టి అడిగితే పోయేదేముంది!

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా అవసరపడే ప్రశ్నకు వద్దాం: నలభై ఐదు రోజులు దాటిన బాకీలు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు లిఖితపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఇది చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన చేర్చాక కథ మారింది. గడువు దాటించిన కొనుగోలుదారుకు ఆ ఖర్చు ఆ ఏడాది పన్ను లెక్కలో చెల్లదు, డబ్బు కట్టిన ఏడాదే చెల్లుతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. అప్పు గడువు నెలలకు నెలలు సాగే సూరత్ మార్కెట్‌లో ఆ ఏడాది మొదట్లో ఎవరి నోట విన్నా ఇదే మాట. సరుకు కొని అమ్మే వ్యాపారికి ఈ రక్షణ లేదు. సాంచాలు నడిపే ఆసామికి, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ఉంటే, ఉంది.

సరే, ఆసామి ఫోన్ తీసి "45 రోజులు దాటినా డబ్బులివ్వని పార్టీలు ఎవరు?" అని అడిగాడు. ఇంత శుభ్రమైన ప్రశ్నలో కూడా మూడు గోతులున్నాయి.

మొదటిది, 45 రోజులు ఎప్పటి నుంచి? చట్టం లెక్క సరుకు ముట్టిన రోజు నుంచి. కొన్న పార్టీ పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అది తీరిన రోజు నుంచి. యంత్రానికి మాత్రం ముందు కనిపించేది బిల్లు తేదీ. చలాన్ మీద సరుకు ఇవాళ పంపి, నెలాఖరున అన్నిటికీ కలిపి ఒకే బిల్లు చేసే అలవాటు ఉన్నచోట ఈ రెండు తేదీలకూ వారాల తేడా వస్తుంది. సరుకు ముట్టిన రోజుకు దగ్గరగా ఉండేది చలాన్ తేదీయే.

రెండోది ఇంకా లోతైన గొయ్యి, కాస్త నిదానంగా చూడాలి. బిల్లులు ఒక పట్టికలో, వచ్చిన డబ్బు ఇంకో పట్టికలో ఉంటాయి. జవాబు కోసం రెంటినీ జత చేయాలి. ఒక బిల్లు లక్ష రూపాయలు అనుకుందాం. పార్టీ ముందు 30,000, తర్వాత 20,000 పంపింది. ఇంకా రావాల్సింది 50,000. జత చేయడం మొరటుగా జరిగితే, డబ్బు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆ బిల్లు వరుస రెండుసార్లు కనిపిస్తుంది. బిల్లు మొత్తం రెండు లక్షలైపోతుంది. అందులోంచి 50,000 తీసేస్తే లక్షన్నర బాకీ తేలుతుంది. ఆ అంకె చూసి మీరు సేటుకు ఫోన్ చేస్తే ఆ తర్వాత జరిగే సంభాషణ గురించి నేను చెప్పక్కర్లేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు ఇంకోటుంది. రెండు పట్టికల్లోనూ ఉన్న బిల్లులనే తెచ్చే రకం జత వేస్తే, ఒక్క రూపాయి కూడా కట్టని పార్టీ జాబితాలోంచి పూర్తిగా మాయమైపోతుంది. డబ్బు పట్టికలో దాని పేరే లేదు కదా. సగం కట్టినవాడు దొరికిపోతాడు, పూర్తిగా ఎగ్గొట్టినవాడు శుభ్రంగా బయటపడతాడు. మీరడిగిందేమో అతని గురించే.

మూడో గొయ్యి యంత్రం తవ్వింది కాదు, మనం తవ్వుకున్నది. పార్టీ ఒక్కసారిగా రెండు లక్షలు పంపుతుంది, ఏ బిల్లుకో చెప్పదు. ఖాతాల ప్రోగ్రాం ట్యాలీలో ఆ రసీదును బిల్లుకు ముడిపెట్టకుండా "ఆన్ అకౌంట్" కింద వేసేస్తాం, తర్వాత చూద్దాంలే అని. ఆ తర్వాత అనేది రాదు. ఏ బిల్లుకూ చెందని డబ్బును యంత్రం వదిలేయవచ్చు, తోచిన బిల్లుకు అంటగట్టవచ్చు. "ఏ బిల్లుకో చెప్పని డబ్బును పాత బిల్లుకు ముందు సర్దు" అన్న నియమం ఆసామి నోటి నుంచే రావాలి. పేర్ల గొడవ కూడా ఇలాంటిదే: ఒకే పార్టీ ఒకచోట టెక్స్, ఒకచోట టెక్స్‌టైల్, ఇంకోచోట టెక్స్‌టైల్స్. మన కంటికి ఒకరే, డేటాబేస్‌కు ముగ్గురు. జీఎస్టీ నంబరును బట్టి కలపమనండి, పేరును బట్టి కాదు.

ఇన్ని చూశాక ప్రశ్న ఇలా మారుతుంది:

"2024 ఏప్రిల్ 1 నుంచి ఇవాళ్టి వరకు మనం పంపిన సరుకులో, చలాన్ తేదీ నుంచి 45 రోజులు దాటినా పూర్తిగా డబ్బు రాని బిల్లులు చూపించు. ఒక్క రూపాయి కూడా రానివి తప్పకుండా ఉండాలి. వచ్చిన డబ్బును ముందు బిల్లు వారీగా కూడి, తర్వాత బిల్లు మొత్తంలోంచి తీసెయ్. ఏ బిల్లుకో తెలియని డబ్బును పాత బిల్లుకు ముందు సర్దు. తిరిగొచ్చిన తాకాల (బట్ట తానుల) విలువ తీసెయ్. బిల్లు నంబరు, పార్టీ, చలాన్ తేదీ, మిగిలిన మొత్తం, ఎన్ని రోజులైంది అన్నవి విడివిడిగా ఇవ్వు. లెక్క వేసేముందు నా ప్రశ్న నీకెలా అర్థమైందో నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పు. నేను సరే అన్నాకే వెయ్."

ప్రశ్న చాంతాడంత ఉందనిపిస్తే ఒక్కసారే రాసి దాచుకోండి. ప్రతిసారీ అన్నీ చెప్పక్కర్లేకుండా, మీ దుకాణం మాటలకు అర్థాలు ఒక పేజీలో రాసిపెట్టి, ప్రతి ప్రశ్నతో పాటు యంత్రానికి చూపించండి. ఏడాది అంటే ఏప్రిల్ నుంచి. బాకీ అంటే వాళ్లు మనకిచ్చేది. ఈ నెల అంటే ఒకటో తేదీ నుంచి, గడిచిన ముప్పై రోజులు కాదు. ఉత్పత్తి అంటే కోసి మడతపెట్టిన తాకాల మీటర్లా, సాంచా మీటర్ చూపించిందా? పన్నెండు గంటల రాత్రి షిఫ్టు రెండు తేదీల్లో పడుతుంది. సాయంత్రం ఏడుకు ఎక్కి పొద్దున ఏడుకు దిగిన కార్మికుడి మీటర్లు ఎక్కిన తేదీకే రాయాలని ఆ పేజీలో లేకపోతే, "నిన్న ఎవరెంత నేశారు?" అన్న ప్రశ్నకు అతని రాత్రి రెండు ముక్కలవుతుంది. మీటరు చొప్పున కూలి ఇచ్చేచోట అది ఊరికే పోయే పొరపాటు కాదు.

చివర్లో ఉన్న ఆ "సరే అన్నాకే వెయ్" అన్న వాక్యం కాడ్ యాభై ఏళ్ల కిందట అడిగినదే. ప్రశ్న ఎంత బాగా రాసినా దాన్ని వదలకండి. యంత్రం తిరిగి చెప్పినప్పుడు "బిల్లు తేదీ నుంచి" అని వినిపిస్తే అక్కడే పట్టుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ చదవడం రాకపోయినా తెలుగు చదవడం వచ్చుగా. నోటితో అడిగే అలవాటుంటే షెడ్డు బయటికొచ్చి అడగండి. సాంచాల రొదలో పదిహేను పదహారుగా వినిపించడం మనుషులకే మామూలు.

ఇక సరిచూసుకోవడం సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు, ఇక్కడ చాలదు. మూడు పార్టీలను ఎంచుకోండి: ఒక్క పైసా ఇవ్వనిది ఒకటి, మూడు నాలుగు విడతలుగా ఇచ్చింది ఒకటి, సరుకు కొంత తిప్పి పంపింది ఒకటి. ఈ మూడింటి బాకీ చేత్తో కాగితం మీద వేసి, యంత్రం జాబితాతో పోల్చండి. మూడూ కలిస్తే మిగతా జాబితాను చాలావరకు నమ్మవచ్చు. ఏది కలవలేదో చూస్తే పై గోతుల్లో ఎక్కడ పడ్డారో తెలుస్తుంది. మొదటి పార్టీ అసలు కనిపించకపోతే జత తప్పింది. రెండోదాని బాకీ ఉబ్బిపోతే అదే బిల్లు పలుమార్లు కూడింది. మూడోది తేడా వస్తే తిప్పి పంపిన సరుకు లెక్కలోకి రాలేదు. ప్రశ్న మార్చినప్పుడల్లా ఈ మూడింటినీ మళ్లీ చూడండి, ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగితే రెండు రకాల ఎస్‌క్యూఎల్ పుట్టవచ్చు.

యంత్రానికి ఇచ్చే డేటాబేస్ తాళంచెవి విషయంలో మొహమాటం వద్దు. చదవడానికి మాత్రమే అనుమతి ఇప్పించండి, మార్చడానికీ చెరపడానికీ వద్దు. దీన్ని అమర్చిపెట్టే కుర్రాడు "అన్నీ ఇచ్చేస్తే తేలిక" అంటాడు. వినకండి, అతనికి తేలిక, మీకు కాదు. కార్మికుల ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లున్న పట్టికలు దాని కంటికి కనపడకుండా ఉంచమనండి. బాకీల ప్రశ్నకు అవి అక్కర్లేదు. ఊరూపేరూ తెలియని ఉచిత యాప్‌లో ఖాతా మొత్తం ఎక్కించి అడగడం కంటే అడక్కుండా ఉండడమే మేలు.

జాబితా వచ్చాక దాన్ని అలాగే వాట్సాప్‌లో పార్టీలకు తోసేయకండి. మొత్తం బాకీ ఒక్కటే పంపితే "ఏ లెక్కన?" అనే మాటతో పది రోజులు గడుస్తాయి. బిల్లు నంబరు, చలాన్ నంబరు, సరుకు ముట్టిన తేదీ, ఇప్పటిదాకా వచ్చింది, తిప్పి పంపింది అన్నీ వరుసగా పెట్టి, పాత చలాన్ ఫొటో జత చేసి పంపండి. మార్చి రెండో వారంలో పంపితే ఇంకా మంచిది. ఏడాది ముగిసేలోపు కట్టకపోతే ఆ ఖర్చు తన పన్ను లెక్కలో ఈ ఏడాది చెల్లదని సేటు ఆడిటర్ కూడా ఆ రోజుల్లోనే ఆయనకు గుర్తు చేస్తుంటాడు.